పూల వీధి కాలువ

తుఫాను నీళ్ళు మూడు రోజులైనా దిగకపోతే
మునిసిపాలిటీ వాళ్ళొచ్చి
మా కొట్టు వెనక కాలువ తవ్వడం మొదలెట్టారు.
బరంపురం, పూల వీధి.
పద్దెనిమిది కొట్లలో వాడిపోయినదంతా
ఎన్నాళ్ళ నుంచో అందులోకే.

పలుగు కృపాసింధుది.
గట్టు మీద గొడుగు నాది.
పూలు కట్టే పనికి చరిత్ర ఎవరు రాస్తారు,
పొద్దున కట్టింది రాత్రికి చెత్త కదా, అనుకునేదాన్ని.
బురద రాసి పెట్టింది.

పైన జానెడు లోతులో ఆకుపచ్చ నురగ ఇటుకలు,
నీళ్ళు తాగి ఉబ్బినవి, చావనివి.
అవి నావే.
బెంగుళూరు నుంచి పెట్టెలు తెప్పించి
జెర్బెరా కాడలు గుచ్చి గుచ్చి
పెళ్ళి వేదికల వెనక గోడలు లేపాను.
ఒక పువ్వు ఇంకో పువ్వుని తాకకుండా
నిలబడే పద్ధతి.
ఫొటోలో బాగుంటుంది.

దాని కింద థర్మోకోల్.
ఒక హంసకి మెడ మిగిలింది.
మా నాన్న కాలం.
బంతిరేకులు జిగురుతో అతికించి
పెళ్ళికొడుకు పేరు తెలుగులో, పెళ్ళికూతురిది ఒడియాలో రాసేవాడు.
రెండూ గుండ్రం, పూలకి ఒదుగుతాయి.
హిందీలో కావాలంటే మాత్రం
నెత్తి మీద గీతకి ఇరవై రూపాయలు ఎక్కువ.

ఇంకా కింద తీగ, తుప్పుపట్టి, వేళ్ళతో నలిపితే పొడి.
అది సింహాద్రి తాత.
గోపాలపురం సముద్రపొడ్డు బంగళాలో
దొరసానికి బొకేలు కట్టేవాడట.
ఎడం పక్క ఎత్తు, కుడి పక్క పొట్టి,
మధ్యలో ఊరికే వదిలెయ్యమందట ఆవిడ.
తాత ఇంటికొచ్చి
"ఒసే, కాళీకి కూడా డబ్బులిచ్చింది" అన్నాడట.
మామ్మ మాలచ్చమ్మ ఆ ముక్కని
బతికినన్నాళ్ళూ చెప్పి నవ్వింది.

మామ్మది నూలు.
దువ్వెనలో చిక్కిన జుట్టులా ఒక ముద్ద
పలుగు కొసకి వేలాడింది.
ఛత్రపురం ఇసుక తోటల మొగలి పొత్తులు
ముళ్ళు కోసి, రేకులు మడిచి,
నడుం దాకా జడ అల్లేది.
అదే చాప మీద, అదే పూట,
ఠాకురాణి అమ్మవారికి తహియా.
"దేవతకి ఎదురుగా సూత్తారు, పిల్లకి ఎనక నుంచి సూత్తారు,
అంతే తేడా" అనేది.
అత్తరు భట్టీల వాళ్ళు మొగలి మొత్తం కొనేసిన ఏడాది
తాటాకులు మడిచి జడకి పెట్టింది.
ఎవరూ కనిపెట్టలేదని గర్వం.
కనిపెట్టారు, పాపం, చెప్పలేదు.

నూలు కింద అరటినార ఉండాలి.
మామ్మకి కట్టడం నేర్పిన వాళ్ళది,
వాళ్ళకి నేర్పిన వాళ్ళది.
లేదు.
నల్ల బురద, దాని కింద ఇసుక.
కృపాసింధు ఆగి
"ఆఉ కేతే?" అన్నాడు. ఇంకెంత, అని.

అన్నిటికన్నా గొప్ప పద్ధతి
ఆనవాలు మిగల్చనిదే, అని రాద్దామనుకున్నాను.
కానీ ఎలా చెప్పను?
నేను చూడలేదు కదా.
చాతకాని చేతులు కట్టిన వంకర దండలు కూడా
అంతే శుభ్రంగా పోయుంటాయి.

పక్క కొట్టు జానకి బాగా వంగి
"మొగిలి వాసనొత్తంది సూడు" అంది.
నాకు మురుగు వాసనే వచ్చింది.

సాయంత్రానికి నీళ్ళు కదిలాయి.
చీకటి పడ్డాక పద్దెనిమిది కొట్లూ ఊడ్చుకుని
మళ్ళీ అందులోకే.
నేనూ వేశాను, రేకులూ కాడలూ.
ఇటుకలు మాత్రం విడిగా తీసి గోనెలో కట్టాను.
ఏం చెయ్యాలో తెలీదు.
అటక మీద ఉన్నాయి, ఆరు గోనెలు.
వానాకాలం వాటి నుంచి
బొట్టు బొట్టుగా నీళ్ళు కారతాయి
కింద కట్టుకుంటున్న దండల మీదకి.